సగపాలుకి వచ్చిన ఎర్ర డేగలు

ఎనభై దాటిన మనిషిని పట్టుకుని రోజుకో కోడిగుడ్డు తినమన్నాడు మా డాక్టరు. ఎముకల్లో బలం లేదట. తరతరాలుగా నీచు వాసన తెలియని ఇంట్లో పుట్టినదాన్ని, ఈ వయసులో నాకీ గతి ఏంటని రెండు రోజులు సణిగాను గానీ, కోడలు వినిపించుకోకుండా పోయిన ఆదివారం బజారు నుంచి అట్టపెట్టెలో గుడ్లు తెచ్చింది. మూత తీసి చూద్దును గదా, ఒక్క మరక లేదు, ఒక్క ఈకముక్క లేదు, తోమిన వెండిగిన్నెల్లా తళతళలాడుతున్నాయి. శుభ్రంగా కడిగి ఆరబెట్టి అమ్ముతారు అత్తయ్యా, మీకేం అసహ్యం అనిపించదు అంది. అంతే, నాకు నవ్వు పొర్లుకొచ్చింది. నవ్వీ నవ్వీ కళ్ళమ్మట నీళ్ళు కారాయి. కోడలు కంగారుపడి మంచినీళ్ళు పట్టుకొచ్చింది. దానికేం తెలుసు పాపం, కడిగిన కోడిగుడ్డు కనిపిస్తే నాకు గుర్తొచ్చేది జన్మలో గుడ్డు రుచి చూడని మా నాయనమ్మ అని.

మీలో నా ఈడువాళ్ళుంటే ఆనాటి నూజివీడు ఎలా ఉండేదో వేరే చెప్పక్కర్లేదు. వేసవి వచ్చిందంటే ఏ వీధిలోకి వెళ్ళినా మామిడిపండ్ల వాసనే. మాది బజారులో కిరాణా కొట్టు, కొట్టు వెనక ఇల్లు, ఇంటి వెనక బావి, బావికి అవతల పశువులపాక, గడ్డివామి, నిమ్మచెట్టు ఉన్న పెద్ద పెరడు. ఏడాది పొడుగునా పప్పులూ బెల్లమూ అమ్మినా తాతయ్య ప్రాణమంతా మామిడి వ్యాపారం మీదే ఉండేది. పూత చూసి తోట గుత్తకు తీసుకోవడం, పిందె పడ్డప్పటి నుంచీ తోటలో పాక వేయించి ఇంటి మనిషిని కాపలా పెట్టడం, ఆఖరి బండి కాయ వెళ్ళిన రోజునే పాక పీకేసి తోటని ఆసామికి అప్పగించెయ్యడం, ఇదీ పద్ధతి. ఆ తర్వాత ఒక్క పూట అక్కడ ఉన్నా మాట పోయినట్టే లెక్క.

స్వరాజ్యం వచ్చిన మరుసటేడు ఆగిరిపల్లి తోట కాపలాకి మా బాబాయిని పంపారు. బాబాయంటే నాన్నగారి తమ్ముడు, అప్పటికి ఇరవై దాటి ఉంటాయి. కొట్లో కూర్చోబెడితే అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కొసరు పోసేవాడు. తూకం వేస్తూ వేస్తూ వీధిలో పోయే ఎద్దుల నడక చూస్తూ ఉండిపోయేవాడు. వీడు దేనికీ పనికిరాడని తాతయ్య రోజుకొక్కసారైనా అనేవారు, అదీ కొట్లో పదిమంది ఉన్నప్పుడే అనేవారు. బాబాయి తలొంచుకుని నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది, తొమ్మిదేళ్ళదాన్నే అయినా. బాబాయంటే నాకు ప్రాణం, తిరిగి ఒక్క మాట అనొచ్చు కదా అని నా ఉక్రోషం. అలాంటివాణ్ణి నమ్మి మొట్టమొదటిసారి ఒక పని అప్పగించింది మా ఇంట్లోవాళ్ళెవరూ కాదు, ఆ తోట ఆసామిగారి తల్లి.

ఆవిణ్ణి మేమందరం ఆగిరిపల్లి మామ్మగారు అనేవాళ్ళం. బక్కపల్చటి మనిషే గానీ తోట ఈ చివర పిలిస్తే ఆ చివర పలికేవాళ్ళు. ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటివాళ్ళు సారెతో పాటు ఒక కోడిపెట్టనీ ఒక పుంజునీ గంపలో పెట్టి పంపారట. అది వాళ్ళ ఆడపడుచుల ఆనవాయితీ, తల్లి ఇంటి కోళ్ళ జాతి కూతురి వెంట వెళ్ళాల్సిందే. ఎర్ర డేగలనేవారు వాటిని. పందేలకి పేరుపడ్డ జాతే, కానీ మామ్మగారు ఒక్క పుంజుని కూడా పందేనికి ఇవ్వలేదు. అవి ఆవిడ పుట్టింటి మనుషుల కింద లెక్క. ఆ ఏడు చలికాలంలో కొక్కెర తెగులు తగిలి ఊళ్ళో కోళ్ళన్నీ మెడలు వాల్చేసి చచ్చిపోయాయి. కంచె దగ్గర చెట్టుమీద పడుకునే అలవాటుండబట్టి మామ్మగారి ఎర్ర డేగల్లో ఒక్క పెట్ట, ఒక్క పుంజు మిగిలాయి. ఆ పెట్ట కూడా లేతదేం కాదు. అవతల మనవరాలికి బాపులపాడు సంబంధం ఖాయమైంది, మాఘమాసంలో పెళ్ళి. పిల్ల వెంట పంపడానికి జంట లేకపోతే అమ్మ నుంచి వచ్చిన వరస తన చేతుల్లో తెగిపోతుందని ఆవిడకి నిద్ర పట్టని బెంగ.

తెగులు పడ్డ గూట్లో ఏడాది తిరిగేదాకా కోడిని ఉంచకూడదంటారు. అందుకని ఊరికి దూరంగా తోటలో ఉన్న మా బాబాయిని పిలిచి ఆ జంటను సగపాలుకి ఇచ్చింది. సగపాలంటే ఈకాలంవాళ్ళకి తెలియదు గానీ మనకి తెలుసు: కోడి వాళ్ళది, మేపు మనది, పుట్టిన పిల్లలు చెరి సగం. ఊళ్ళో కోళ్ళు పెంచేవాళ్ళు బోలెడుమంది ఉండగా పప్పు తినేవాళ్ళింటి పిల్లాడికి ఇస్తావేంటి వదినా అని చుట్టాలు నవ్వితే, "వాళ్ళు కోసుకు తినరు కదే, ఇంతకంటే నమ్మకమైన ఇల్లు నాకెక్కడ దొరుకుతుంది" అందట.

వేసవి సెలవులకి నేను తోటకి వెళ్ళేసరికి బాబాయి మరో మనిషి అయిపోయాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ కోళ్ళు కూడా అలాంటివే. పుంజు ఒళ్ళంతా కాగిన రాగి రంగు, నిక్కించిన మెడ, నెత్తిమీద ఉండీ లేనట్టున్న చిన్న తురాయి, ముత్యాల్లా తెల్లటి కళ్ళు. నాలుగడుగులు వేసి ఆగి చూసిందంటే తోట తనదేనేమో, మనమే గుత్తకొచ్చామేమో అనిపించేది. పెట్టది చింతగింజ రంగు, దాని కోపం దానిది, గుడ్ల దగ్గరికి బాబాయిని తప్ప ఎవర్నీ రానిచ్చేది కాదు. బాబాయి వాటికి చోళ్ళూ నూకలూ పెట్టేవాడు, మేం చీకి పారేసిన రసాల టెంకలు పొడిచి పొడిచి వాటి ముక్కులు పసుప్పచ్చగా అయ్యేవి. ఇంకో జాతి పుంజు లోపలికి రాకుండా పాక చుట్టూ ముళ్ళకంప నాటాడు. ఎప్పటికైనా మన పెరట్లో ఇరవై ఎర్ర డేగలు తిరగాలే, చూడు, నూజివీడు మొత్తం మనింటికొచ్చి చూసిపోతుంది అనేవాడు నాతో. బాబాయి ఏదైనా కావాలని కోరుకోవడం నేను చూడ్డం అదే మొదలు.

మృగశిర కార్తె వచ్చేసరికి కాయ అయిపోయి ఆఖరి బండి కట్టారు. పెట్ట అప్పుడే గుడ్లు పెట్టడం ఆపి పొదుగుకి కూర్చునేలా ఉంది. ఆ గుడ్లన్నీ బాబాయి ఒక మామిడి గంపలో ఊక పోసి దాచాడు. తోట అప్పగించక తప్పదు, మామ్మగారి గూట్లో పెట్టడానికి లేదు, ఇక ఏం చేస్తాడు? కోళ్ళ జంటని ఒక గంపలో మూసి, గుడ్ల గంపని కాయల గంపల మధ్య సర్ది, బండిలో మా ఇంటికే తోలుకొచ్చాడు.

మా నాయనమ్మకి మడీ ఆచారం జాస్తి. ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాం. ఆవిడ పెరట్లోకి వచ్చి నడుమ్మీద చేతులేసుకుని ఆ పుంజుని కాసేపు ఎగాదిగా చూసి, పెంచితే పాపమేముందిరా, కోస్తే కదా, బావిగట్టు దాటి ఇవతలికి మాత్రం రానివ్వకు అంది. చిన్నకొడుకు మీద ఆవిడకున్న ప్రేమ అలాంటిది.

అసలు ముప్పు మర్నాడు ముంచుకొచ్చింది. తోట నుంచి కాయ వచ్చిందంటే మా ఇంట్లో ఆడవాళ్ళకి ఒకటే పని. ముచిక దగ్గర కారిన సొన పోయేదాకా ప్రతి కాయా కడిగి, తుడిచి, చేటల్లో ఆరబెట్టి, ఆ తర్వాత కొట్టుగదిలో వరిగడ్డి మీద పేర్చి మాగవెయ్యాలి. సొన పోని కాయ మచ్చపడుతుంది, మచ్చపడ్డ కాయ కుళ్ళి పక్కవాటినీ కుళ్ళబెడుతుంది. నాయనమ్మ కాపురానికొచ్చిన నాటి నుంచీ చేస్తున్న పని అది. ఆ గంపలు విప్పుతుంటే వాటితో పాటు గుడ్ల గంపా బయటపడింది. బాబాయి కొట్లో ఉన్నాడు. రెట్ట మరకలతో, ఊక అంటుకుని ఉన్న ఆ గుడ్లని చూసి అమ్మ ఆమడదూరం జరిగింది. నాయనమ్మ మాత్రం కాస్త ఆలోచించి, పిల్లాడు అంత ఆశపడి తెచ్చుకున్నాడు, ఈ మురికితో వదిలేస్తే కుళ్ళిపోవూ అంది. అని, కుచ్చెళ్ళు ఎగదోపుకుని, జన్మలో మొదటిసారి కోడిగుడ్డుని చేత్తో పట్టుకుంది. వేడినీళ్ళలో కుంకుడురసం కలిపి, కొబ్బరిపీచు పెట్టి, పసిపిల్లకి తలంటినట్టు ఒక్కొక్కదాన్నీ తోమింది. తువ్వాలుతో తుడిచి చేటలో పేర్చి మిట్టమధ్యాహ్నపు ఎండలో పెట్టింది. తర్వాత బావి దగ్గర తలారా స్నానం చేసి, కొడుకు ఎప్పుడొస్తాడా, ఎప్పుడు చూపిద్దామా అని పెరటి అరుగు మీద కూర్చుంది.

బాబాయి భోజనానికొచ్చి ఆ చేట చూశాడు. నేను పక్కనే ఉన్నాను, బాబాయి మొహంలో నెత్తురుచుక్క లేదు. నాయనమ్మ మొహమేమో వెలిగిపోతోంది. "ఎలా ఉన్నాయిరా?" అంది. బాబాయి ఆవిడ మొహంలోకి చూసి, "తళతళలాడుతున్నాయమ్మా" అన్నాడు. చేట ఎత్తుకుని పశువులపాకలోకి వెళ్ళి, ఆనవాయితీ ప్రకారం బేసి సంఖ్య చూసుకుని గుడ్లు పెట్ట కింద సర్దాడు.

పెట్ట తిండీ నీళ్ళూ మాని మూడు వారాలు వాటిమీద కూర్చుంది. నేను రోజూ వెళ్ళి, దగ్గరికి రానివ్వదు కాబట్టి పాక తడిక ఇవతలి నుంచే చెవి పెట్టి వినేదాన్ని, చప్పుడు లేదు. గడువు దాటి ఇంకా కొన్ని రోజులు చూశాక గుడ్లు కంపు కొట్టడం మొదలైంది. బాబాయి వాటిని తీసుకెళ్ళి నిమ్మచెట్టు కింద గోతిలో పూడ్చి, ముసురు పట్టి వేడి చాల్లేదని అందరికీ చెప్పాడు. తాతయ్యకి ఇంకేం కావాలి, కోడి చెయ్యాల్సిన పని కూడా వీడి చేతిలో పడితే చెడిపోతుందని కొట్లో కూర్చుని చెప్పుకున్నారు. బాబాయి మళ్ళీ తలొంచుకుని అదే నవ్వు నవ్వాడు. పెట్ట చూస్తే చిక్కిపోయి ఎముకల పోగైంది. అది మళ్ళీ గుడ్లు పెడుతుందో లేదో, పెట్టినా మాఘానికి జంట చేతికొస్తుందో లేదో ఎవరికీ తెలియదు.

శ్రావణమాసంలో ఆగిరిపల్లి మామ్మగారు పెళ్ళి బట్టలకి నూజివీడు వచ్చి, కోళ్ళని చూసిపోదామని మా ఇంటికొచ్చింది. గుడ్లు చెడిపోయాయని విని నీరుగారిపోయింది. మా నాయనమ్మ ఓదార్పుగా, మా వైపు నుంచి ఏ లోపమూ లేదండీ, నేనే స్వయంగా కుంకుడురసంతో కడిగి ఆరబెట్టి ఇచ్చాను అని చెప్పింది. మామ్మగారు బుగ్గన చెయ్యి వేసుకుని, "అయ్యో, ఎంత పని చేశారండీ! కడిగిన గుడ్డు పిల్లవుతుందాండీ?" అంది. నాయనమ్మ, ఈ సంగతి మావాడికి తెలుసాండీ అని అడిగింది. తెలియకేమండీ, కడిగితే పైపొర పోయి గుడ్డు లోపల మురిగిపోతుంది, నీళ్ళ చెయ్యి కూడా తగలనివ్వొద్దని ఇచ్చినప్పుడే చెప్పాను అంది మామ్మగారు. నాయనమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. కొడుకుని పిలిచి అడగనూ లేదు, బాబాయీ చెప్పలేదు. తల్లీకొడుకులిద్దరూ ఆ మాట ఎత్తకుండానే జీవితం వెళ్ళదీశారు.

కానీ మర్నాటి నుంచి చూడాలి మా నాయనమ్మ హడావుడి! పెట్టకి బాలింత పథ్యం మొదలుపెట్టింది. పెరుగన్నం, నానబెట్టిన చోళ్ళు, నువ్వులపిండి, తను తినే ముందు దానికి. బావిగట్టు హద్దు ఏమైపోయిందో ఎవరికీ తెలియదు. ఇంతలో బజారులో గుసగుసలు లేచాయి. తెల్లారగట్ల మా పెరట్లో పుంజు కూస్తుంటే ఊరు ఊరుకుంటుందా, శెట్టిగారింట్లో కోళ్ళు పెంచుతున్నారట, ఇక వండుకోవడమే తరువాయి అని నవ్వుకున్నారు. తాతయ్యకి తల కొట్టేసినట్టయింది. దసరా వెళ్ళేసరికి అవి పెరట్లో కనిపించకూడదన్నారు. ఆయన మాటకి ఎన్నడూ ఎదురు చెప్పని నాయనమ్మ పచ్చడిబండ చేత్తో పట్టుకునే వచ్చి, "అలాగే పంపండి, నా పక్కబట్టలు కూడా ఆ గంపలోనే సర్దండి" అంది. తాతయ్య కండువా దులుపుకుని కొట్లోకి వెళ్ళిపోయారు.

భాద్రపదంలో పెట్ట మళ్ళీ గుడ్లకొచ్చింది. తక్కువే పెట్టింది, పెట్టినన్నీ కిందనే ఉంచారు. అది పొదిగినన్నాళ్ళూ నాయనమ్మ పాక గుమ్మంలో పీట వేసుకుని కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాసింది, నీళ్ళ బిందెతో ఎవరైనా అటు వెళ్తే కయ్యిమని లేచేది. దసరా ముందు ఒక ఉదయం ఇల్లంతా వినపడేట్టు కేకేసింది. వెళ్ళి చూస్తే పెట్ట రెక్క కింద నుంచి తడితడిగా ఒక తల, దాని పక్కన ఇంకోటి. నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. తాతయ్య బావి దగ్గర నిలబడి మెడ చాచి చూశారు. పంపించెయ్యాలన్న మాట మళ్ళీ ఆయన నోట రాలేదు.

తర్వాత రోజుల్లో మా బతుకు మాది కాదు. పిల్లలకి చెదపురుగులు బలమని బాబాయి పాత కుండలో పేడా గడ్డీ కూరి గడ్డివామి దగ్గర బోర్లించేవాడు, చెదపట్టాక నేను తెచ్చి దులిపేదాన్ని. ఆ సమయానికి నాయనమ్మ మొహం అటు తిప్పుకుని రామరామ అనుకునేది, అయిపోగానే ఇటు తిరిగి కడుపునిండా తిన్నాయా అని అడిగేది. ఒకదాన్ని గద్ద తన్నుకుపోయింది, ఇంకోదాన్ని పిల్లి ఎత్తుకుపోయింది. మిగిలినవి పెరిగి, తోకలూ మెడలూ తేలాక చూసుకుంటే, అన్నీ పుంజులే. పెట్ట ఒక్కటంటే ఒక్కటే. ముసలిపెట్ట ఇక గుడ్లకి వచ్చేలా లేదు. ఆ ఒక్క పెట్టపిల్ల ఎవరి వాటాకి వెళ్తే జాతి వాళ్ళది, రెండోవాళ్ళకి పుంజుల కూత మాత్రమే మిగుల్తుంది.

పెళ్ళి ముందర మామ్మగారు వచ్చి చూసింది. న్యాయమైన మనిషి, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని కూడా, పెట్టని నువ్వుంచుకో నాయనా, నీ చేతుల్లో బతికింది, మాకొక పుంజునియ్యి చాలు అంది. నాకైతే ప్రాణం లేచొచ్చింది. నాయనమ్మ బాబాయి వంక చూసింది. బాబాయి వంగి పెట్టపిల్లని పట్టుకుని, ఈకలు ఒకసారి నిమిరి, గంపలో పెట్టి, "పిల్ల వట్టి పుంజుతో అత్తారింటికి వెళ్తుందాండీ?" అన్నాడు. నేను ఆ రోజంతా బాబాయితో మాట్లాడలేదు. ఇరవై ఎర్ర డేగలన్నాడు, నూజివీడు మొత్తం వచ్చి చూస్తుందన్నాడు, ఉన్న ఒక్కదాన్నీ ఇచ్చేశాడు. ఎంత వెర్రివాడు కాకపోతే అనుకున్నాను.

పెళ్ళికి మేమందరం వెళ్ళాం. అప్పగింతలప్పుడు పసుపు రాసిన గంపలో ఆ జంటని బండెక్కిస్తుంటే మగపెళ్ళివారు వింతగా చూసి అడిగారు. తాతయ్య అంతమందిలో ముందుకొచ్చి, మా చిన్నవాడు పెంచిన కోళ్ళండీ, జాగ్రత్త అన్నారు. బాబాయి తలెత్తి ఆయన వంక చూశాడు. ఆ చూపు చూశాక నా కోపం ఎటు పోయిందో పోయింది.

ఆ మరుసటేడు కొక్కెర తెగులు నూజివీడు వచ్చింది. చెబితే నమ్మరు, నాలుగు రోజుల్లో మా పెరడు ఖాళీ. మామ్మగారు మా దగ్గరే ఉంచేసిన ముసలిపెట్ట, రాజాలాంటి పుంజు, చేతుల మీద పెంచిన పిల్లపుంజులు, ఒక్కటి మిగల్లేదు. బాబాయి కొట్టుకి పోకుండా గడ్డివామికి చేరగిలబడి కూర్చున్నాడు. రెండు రోజులు చూసి మా నాయనమ్మ, మూటలో దారిబత్తెం కట్టి చేతిలో పెట్టి, లే, బాపులపాడు వెళ్ళిరా అంది. ఏ మొహం పెట్టుకుని అడగనమ్మా, ఇచ్చేసినవి కదా అన్నాడట. అయినా వెళ్ళాడు. గూడు కడిగి, సున్నం కొట్టి, తెగులు భయం పోయేదాకా తేగలిగింది లేదు గానీ, ముందు అవి ఉన్నాయో పోయాయో చూసొద్దామని వెళ్ళాడు. ఆ పెళ్ళికూతురి పెరట్లో ఎర్ర డేగలు గుంపుగా తిరుగుతున్నాయట. బాబాయి నోరు తెరిచి అడిగేలోపే ఆ అమ్మాయి, ఒక జంటని చూపించి, "ఇది మీ వాటా అన్నయ్యా, ఎప్పుడొస్తారా అని ఎదురుచూస్తున్నాను" అందట. ఆ మాట బాబాయి నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

ఏడాది తిరిగాక తెచ్చుకున్న ఆ జంటతో మా పెరడు మళ్ళీ నిండింది. ఇరవై దాటాయి కూడా. కానీ బాబాయి వాటిని ఎప్పుడూ ఒక్కచోట ఉంచలేదు. విస్సన్నపేట అనీ, మా అమ్మమ్మగారి ఊరనీ, తోటలు గుత్తకి తీసుకున్న చోటల్లా నమ్మకమైన ఇల్లు చూసి సగపాలుకి ఇచ్చేవాడు. ఒకచోట పోతే ఇంకోచోటి నుంచి వచ్చేవి. కొట్టుకి వచ్చినవాళ్ళు బెల్లం కొనడం మర్చిపోయి కోళ్ళ శెట్టిగారున్నారా అని అడిగితే తాతయ్య విసుక్కుంటూనే పెరట్లోకి దారి చూపించేవారు.

ఇప్పుడు బాబాయీ లేడు, ఆ పెరడూ లేదు, దాని మీద మూడంతస్తుల మేడ లేచింది. ఎర్ర డేగలు ఎక్కడైనా ఉన్నాయో లేదో నాకు తెలియదు. ఉంటే ఏదో ఒక ఇంటి పెరట్లో, ఎక్కడినుంచి వచ్చాయో ఆ ఇంటివాళ్ళకే తెలియకుండా ఉండి ఉంటాయి. నాకు ఫిర్యాదులేం లేవండీ, పిల్లలు బాగా చూసుకుంటున్నారు, ఏం కావాలన్నా గుమ్మంలోకే వస్తోంది. ఎంతైతే అంత ఇచ్చి తెచ్చుకుంటాం, దాంతో ఆ మనిషికీ మనకీ సరి. ఎవరికీ బాకీ లేం, మనకీ ఎవరూ బాకీ లేరు. హాయిగానే ఉంది. కానీ ఒక్కోసారి, మధ్యాహ్నం పూట ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు అనిపిస్తుంది, ఇన్ని ఊళ్ళున్నాయి, ఇంతమంది చుట్టాలున్నారు, మీ వాటా ఉంచాను, ఎప్పుడొస్తారా అని మన కోసం చూసే పెరడు మాత్రం ఒక్కటీ లేకుండా పోయిందే అని.